లవంగం వెయ్యని బీరు

"తాళంచెవులు బల్ల మీద పెట్టమ్మాయ్," అని మామగారు రెండోసారి అన్నారు.

చిన్నకోడలు కదల్లేదు. లేబుళ్ళ గది తాళంచెవులు ఆమె గుప్పిట్లో ఉన్నాయి. గుప్పిట బల్ల కింద ఉంది.

"పెట్టదు," అన్నాడు ఆమె భర్త. "ఏం తప్పు చేసిందో చెప్పండి. అప్పుడు పెడుతుంది."

"తప్పు నీ ముందే ఉందిరా. తాగి చూడు."

రుచి చూసే గదిలో ఆ బల్ల మీద ఐదు గ్లాసులు, ఒక సీసా, పొద్దున వచ్చిన పేపరు ఉన్నాయి. సీసా ఆ ఇంటిది కాదు, వంతెన అవతలివాళ్ళది. బజార్లోకి వచ్చి మూడు రోజులైంది. లేబులు మీద పొగగొట్టం బొమ్మ, దాని కింద 'ఈ చలికాలానికి మాత్రమే' అన్న మాట.

ఆ మాట నిరుడు ఈ ఇంటివాళ్ళు తమ పొగ బీరు మీద వేసుకున్నదే. ఏడాదికి ఒకే ఒక్క ట్యాంకు కాచే ఆ బీరు ఈ శనివారం విడుదల కావాలి. ఈరోజు గురువారం.

చిన్నవాడు తాగాడు. గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"ఎలా ఉంది?"

"మనదే."

"విన్నారా? మనదిలా ఉంది అనడం లేదు, మనదే అంటున్నాడు." మామగారు పెద్దకొడుకు వైపు తిరిగారు. "ఆ చుక్కలాయన రాసింది ఇంకోసారి చదువు."

పేపర్లో వారం వారం కొత్త బీర్ల గురించి రాసే ఆయన్ని ఆ వీధుల్లో అందరూ చుక్కలాయన అంటారు. నచ్చినదానికి చుక్కలు పెడతాడు. ఐదు చుక్కలు ఇంతవరకు ఎవరికీ పెట్టలేదు.

పెద్దవాడు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"'ఈ చలికి కొత్తగా వచ్చినవాటిలో రుచి చూడదగ్గవి నాలుగు. రేవు వీధివాళ్ళ ఓట్స్ నల్ల బీరు గంటసేపు కూర్చుని తాగాల్సింది, తొందరున్నవాళ్ళు దాని జోలికి పోవద్దు. చెర్రీల పుల్లటి బీరు రెండో గ్లాసు ఎవరూ అడగరు, మొదటి గ్లాసు ఎవరూ వదలరు. గుమ్మడికాయ బీరులో గుమ్మడికాయ పేరు వరకే ఉంది, అయినా...'"

"గుమ్మడికాయ ఎవడిక్కావాలిరా! మనది చదువు."

"మనది కాదు నాన్నా. వాళ్ళది."

"అదే చదువు!"

"'నాలుగోది వంతెన అవతలిది. ముందు పొగ, చివర లవంగం. ఈ లవంగాన్ని నిరుడు నేను వంతెన ఇవతల తాగాను. ఇటునుంచి అటు ఎలా నడిచి వెళ్ళిందో నాకు తెలీదు. నాలుగు చుక్కలు. శనివారం ఇవతలివాళ్ళది వస్తుంది. ఈసారి వాళ్ళు రెండోవాళ్ళు.'"

పెద్దవాడు పేపరు మడిచాడు. మడతని గోటితో రెండుసార్లు నొక్కాడు.

"నేనెవర్నీ వేలెత్తి చూపించడం లేదు," అన్నాడు. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. "మూడేళ్ళు వంతెన అవతల పనిచేసి వచ్చిన మనిషి మన ఇంట్లో ఒక్కరే ఉన్నారు. పోయిన మంగళవారం కూడా వంతెన మీద కనిపించిందీ ఒక్కరే. మన తయారీ పుస్తకంలో పొగ బీరు పేజీ నిరుడు ఫోటో తీసుకున్నదీ ఒక్కరే. ఆ ముగ్గురూ వేరే వేరే మనుషులైతే నేనేమీ అననే అనను."

"బావగారూ, ఫోటో తీసింది లేబులు మీద ఏమేం వేశామో రాయడానికి," అంది చిన్నకోడలు. "ఆ పేజీ ముడుచుకుపోతుంటే పట్టుకున్నది మీరే."

"పట్టుకున్నాను. అందుకే నాకు తెలుసు."

"మంగళవారం ఎందుకెళ్ళావు?" అన్నారు మామగారు.

ఆమె భర్త ముఖంలోకి చూసింది. అతనూ ఆ జవాబు కోసమే చూస్తున్నాడు.

"పనుండి."

"ఏం పని?"

"నా పని."

గోడ మీద గడియారం పన్నెండు దాటింది.

"నాలుగింటి దాకా చూస్తాను," అన్నారు మామగారు. "ఆ లోపల తాళంచెవులైనా ఈ బల్ల మీదికి రావాలి, ఎందుకెళ్ళిందో ఆ మాటైనా రావాలి. రెండూ రాకపోతే ఈ మనిషి రేపట్నుంచి గేటు దాటి లోపలికి రాదు."

"ఆవిడ రాకపోతే నేనూ రాను," అన్నాడు చిన్నవాడు.

"నీ ఇష్టం. నువ్వు లేకపోయినా బీరు పొంగుతుంది."

ఐదో గ్లాసు పెద్దకోడలి ముందుంది. అందులోంచి ఒక్క గుక్క తగ్గింది. ఆ ఇంట్లో బీరు కాచేది ఆమె. పెద్దవాడు సీసాలు అమ్ముతాడు, చిన్నవాడు బండి మీద చేరుస్తాడు, చిన్నకోడలు లేబుళ్ళు గీస్తుంది, పుస్తకం మామగారి బీరువాలో ఉంటుంది. ట్యాంకులు మాత్రం ఆమెవి. ఇంతసేపూ ఆమె నోరు విప్పలేదు.

"నువ్వేమంటావమ్మా?" అన్నారు మామగారు. "చేసిన చెయ్యి నీది. నీకు తెలియాలి."

"ఇంకోసారి రుచి చూడాలి మామయ్యా."

ఆమె గ్లాసు తీసుకుని బయటికి నడిచింది. తలుపు దాటేదాకా భర్త చూపు తన వీపు మీద ఉందని ఆమెకు తెలుసు.

*

ట్యాంకుల గదిలో ఆరు స్టీలు ట్యాంకులున్నాయి. ప్రతి ట్యాంకు పక్కనా గోడకి ఒక మేకు ఉంది.

ట్యాంకు కడిగేటప్పుడు అడుగున ఉన్న వాల్వు విప్పి, లోపలి రబ్బరు వాషరు తీసి, ఆ మేకుకి తగిలించాలి. వాషరు మేకు మీద కనిపించకపోతే ట్యాంకు కడిగినట్టు లెక్క కాదు. ఇది మామగారి చట్టం.

తొమ్మిదేళ్ళ క్రితం పాత మేస్త్రి ఒక్కసారి వాషరు తియ్యకుండా కడిగాడు. ఆ ట్యాంకులో బీరంతా మామగారు కాలవలోకి వదిలించారు. వదులుతున్నంతసేపూ మేస్త్రిని పక్కన నిలబెట్టారు. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి మర్నాటి నుంచి రాలేదు.

ఆ మేస్త్రి స్థానంలోకి వచ్చింది పెద్దకోడలు.

ఆమె మూడో ట్యాంకు ముందు నిలబడి రెండో గుక్క తాగింది. నోట్లోనే ఉంచుకుంది. లవంగాలు వేసి కాచిన బీరైతే నాలుక మొద్దుబారుతుంది. నాలుకకి ఏమీ కాలేదు. మింగాక ముక్కులోంచి గాలి వదిలినప్పుడు మాత్రమే లవంగం వచ్చింది.

లవంగం వెయ్యకుండా వచ్చే లవంగం అది. ఎక్కణ్ణుంచి వస్తుందో తనొక్కదానికే తెలుసని ఆమె ఏడాదిగా అనుకుంటోంది.

"అక్కా."

చిన్నకోడలు గుమ్మంలో ఉంది. తాళంచెవులు ఇంకా గుప్పిట్లోనే ఉన్నాయి.

"నువ్వు కూడా నేనే అనుకుంటున్నావా?"

"లేదు."

"మరి అక్కడ ఒక్క మాటనొచ్చుగా! మూతికి కుట్లు వేసినట్టు కూర్చున్నావు."

"మంగళవారం ఎందుకెళ్ళావు?"

"చూశావా? నువ్వూ అదే అడుగుతున్నావు."

"వాళ్ళు అడిగింది వేరు. నాతో చెప్పు."

చిన్నకోడలు బార్లీ బస్తా మీద కూర్చుంది.

"పని అడగడానికి. మళ్ళీ తీసుకుంటారా అని. మీ మరిదికి కూడా తెలీదు." ఆమె బస్తా కుట్టుదారం లాగుతోంది. "ఇక్కడ నాకేం పనుందక్కా? లేబులు గీస్తే మామయ్య అక్షరాలు పెద్దవి చెయ్యమంటారు, బావగారు చిన్నవి చెయ్యమంటారు. రెండూ చేసి చూపిస్తే పాతదే బాగుందంటారు. అక్కడ నాకంటూ ఒక బల్లుండేది. ఆ బల్ల మీద ఎవరూ తడి గ్లాసు పెట్టేవాళ్ళు కాదు."

"ఇస్తామన్నారా?"

"ఆలోచించి చెప్తామన్నారు. ఇప్పుడీ మాట బయటపెట్టాననుకో. పేజీ ఇచ్చి పని అడిగింది అంటారు. అంటారా, అనరా?"

"అంటారు."

"తాళాలు ఇస్తే ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే గేటు బయట. ఎటు చూసినా దొంగనే. ఈ పని చేసేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది? సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. వంతెన అవతలివాళ్ళు కూడా రానివ్వరు. అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చింది, రేపు ఇక్కణ్ణుంచీ ఎత్తుకుపోతుంది అనుకుంటారు."

"ఆ ఫోటో చూపించు."

చిన్నకోడలు ఫోను తెరిచి ఇచ్చింది. పేజీలో అక్షరాలు పెద్దకోడలివే. పొగ పట్టించిన బార్లీ ఇంత, చేదుకి హాప్స్ పువ్వులు ఇంత, ఎన్ని గంటలు కాచాలి, ఎంత వేడి ఉండాలి. ఆఖరి వరుస, పులియబెట్టేదాని గురించి: 'ఈస్టు: మామూలుదే.'

ఆ వరుస ఆమె రెండుసార్లు చదివింది.

"ఈ పేజీ పట్టుకుని కాస్తే లవంగం రాదు," అంది.

"మరి దేంతో వస్తుంది?"

పెద్దకోడలు ఫోను తిరిగి ఇచ్చేసింది. చిన్నకోడలు బస్తా మీంచి లేచింది. తోడికోడలి ముఖంలోకి చూసింది, అందాకా తనని అందరూ చూసినట్టు.

"నీకేదో తెలుసక్కా."

"నాలుగింటి దాకా తాళాలు వదలకు."

అప్పుడే పెద్దవాడు గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడొచ్చాడో అడుగుల చప్పుడు వినపడలేదు.

"ఇద్దరూ ఇక్కడున్నారా," అన్నాడు.

చిన్నకోడలు అతన్ని తప్పుకుని వెళ్ళిపోయింది. అతను భార్య చేతిలో గ్లాసు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

"నువ్వు ఇందులో తల దూర్చకు. శనివారం పని చూసుకో. ఎవరేం కాచినా నీ చెయ్యి నీదే. అందరూ అదే అంటారుగా."

"మీకెలా అనిపించింది, ఆ బీరు?"

"నాకేం తెలుస్తుంది? నేను అమ్మేవాణ్ణి."

గ్లాసులో మిగిలింది అతను కాలవలో పోశాడు.

*

నాలుగు కొట్టింది.

చిన్నకోడలు గుప్పిట బల్ల మీద పెట్టింది. వేళ్ళు విప్పలేదు.

"మాట చెప్తావా, తాళాలిస్తావా?" అన్నారు మామగారు.

"ఆగండి మామయ్యా," అంది పెద్దకోడలు. ఆమె కూర్చోలేదు. "పుస్తకంలో ఆ పేజీ ఎవరు చూసినా, ఎవరికిచ్చినా ఆ బీరు రాదు. అందులో లవంగం లేదు."

"లేదని నాకూ తెలుసు. పొగ పెట్టే కట్టెలోంచి వస్తుందని నువ్వే చెప్పావు."

"అబద్ధం చెప్పాను."

చిన్నవాడు తలెత్తాడు. పెద్దవాడు ఎత్తలేదు.

"నిరుడు నాకు జ్వరం వచ్చిన వారం. మూడో ట్యాంకు నేనే కడిగాను. వాషరు తియ్యలేదు."

మామగారి కళ్ళు ట్యాంకుల గది వైపు తిరిగాయి.

"దాని కింద పాత మడ్డి ఉండిపోయింది. గాల్లోంచి వచ్చిన వేరే రకం ఈస్టు ఏదో అందులో చేరింది. కొత్త బీరులో మన ఈస్టుతో కలిసి పొంగింది. పదో రోజు రుచి చూస్తే లవంగం తగిలింది. అప్పుడే మీకు చెప్పాలి. కాలవలోకి వదలాలి. చెయ్యలేదు. రుచి బాగుందనిపించింది, భయం కూడా వేసింది."

"ఏది ముందు?"

"భయం."

"ఊఁ."

"సీసాల్లోకి పోశాం. అందరూ బాగుందన్నారు. చుక్కలాయన నా ఫోటో వేశాడు. మీరు దాన్ని ఫ్రేము కట్టించారు."

అందరూ గోడకేసి చూశారు. ఫ్రేములో పెద్దకోడలు గ్లాసు పట్టుకుని ఉంది. ఆమె పక్కన ట్రే పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. పేపరువాళ్ళు భుజం దగ్గర కత్తిరించారు. ఆ చెయ్యి పెద్దవాడిది.

"ఆ ఈస్టు ఇంకా ఉందా?" అన్నారు మామగారు.

"మేడ మీద ఫ్రిజ్‌లో వెనకవైపు ఒక సీసాలో ఉంది. పదిహేను రోజులకోసారి కాచిన బార్లీ రసం పోసి బతికిస్తున్నాను. ఈ ఏడు మూడో ట్యాంకులో వేసింది అందులోదే."

"అయితే ట్యాంకులోంచే ఎవడో తోడుకుపోయుంటాడు," అన్నాడు చిన్నవాడు.

"ట్యాంకులో వేసి ఐదు వారాలే అయింది. చెంచాడు ఈస్టుని ట్యాంకుకి సరిపడా పెంచడానికే మూడు వారాలు పడుతుంది. బీరుకి ఐదు. వాళ్ళు మొదలుపెట్టి ఎనిమిది వారాలైనా అయ్యుండాలి. అప్పటికి మన ట్యాంకులో అది లేదు."

"నిరుడు అమ్మిన సీసాల అడుగునుంచి తీసుంటే?"

"అమ్మేవన్నీ వడగట్టి, మూత వేసి, వేడినీళ్ళలో ఉంచాకే పంపుతాం. బతికున్నది ఏదీ వాటిలో ఉండదు. మామయ్యకి తెలుసు."

మామగారు తలూపారు.

"ఫ్రిజ్‌లోంచే పోయింది," అంది పెద్దకోడలు. "చెల్లి మేడెక్కి మూడు నెలలైంది. అత్తయ్యకీ తనకీ మాటల్లేవు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఈ పని తను చెయ్యలేదు."

మామగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేస్త్రికి ఇద్దరాడపిల్లలు," అన్నారు. "ఆయన్ని ఆ కాలవ పక్కన నిలబెట్టింది నేను."

"తెలుసు మామయ్యా."

"తెలిసే చెప్పలేదు."

"తెలిసే చెప్పలేదు."

"ట్యాంకుల గది తాళంచెవి ఇలా ఇయ్యి."

ఆమె నడుం దగ్గర్నుంచి తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నారు. లేబుళ్ళ గది తాళంచెవుల వైపు చూడకుండా, "నీవి నువ్వు ఉంచుకో అమ్మాయ్," అన్నారు చిన్నకోడలితో.

"దొంగన్న మాట కూడా నేనే ఉంచుకోవాలా?"

"నేను దొంగ అనలేదు. తాళాలు అడిగాను."

"రెండూ ఒకటే మామయ్యా."

ఆమె గుప్పిట తెరిచి తాళంచెవుల్ని బల్ల మీద వదిలేసి లేచింది. వెళ్తూ పెద్దకోడలి పక్కన ఒక్క క్షణం ఆగింది. ఆమె వెనకే చిన్నవాడు వెళ్ళాడు. "మంగళవారం ఎందుకెళ్ళావే?" అని అతను వరండాలో అడగడం లోపలికి వినపడింది.

"శనివారం బీరు సంగతేంటి నాన్నా?" అన్నాడు పెద్దవాడు.

"దాని సంగతి తర్వాత. ముందు ఇంటి సంగతి తేలాలి. చిన్నవాళ్ళ కాపురం వేరే. మేడ మీద ఉండేది నలుగురం. నేను, మీ అమ్మ, నువ్వు, నీ భార్య."

"ఫ్రిజ్ బాగుచేసే అతను రెండుసార్లు వచ్చాడు ఈమధ్య."

"వాడికి ఈస్టు గురించి ఏం తెలుసురా?"

"ఎవరైనా చెప్పి పంపితే?" పెద్దవాడు భార్య వైపు తిరిగాడు. మొదటిసారి అతని గొంతు వణికింది. "ఏడాది. ఒకే ఇంట్లో ఉంటూ నాతో కూడా అనలేదు. ఫ్రిజ్‌లో అలాంటి సీసా ఒకటుందని కూడా నాకు తెలీదు. ఇన్నాళ్ళూ నేను నీకేమవుతానని?"

ఆమె తల వంచుకుంది. అందరికంటే ముందు చెప్పాల్సింది ఆయనకే.

*

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగడం మానేసి రెండేళ్ళైంది. కింద జరిగేవి ఆమెకు అరుపులుగానే చేరతాయి.

"ఏంటే ఇవాళ ఆ గోల?" అంది. వంటింటి బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని బ్రెడ్డుకి పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండి ఉంది.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే నీ ముఖం అలా ఎందుకుంది? కాసిని మంచినీళ్ళు తాగు."

పెద్దకోడలు ఫ్రిజ్ తెరిచింది. వెనక అరలో సీసా దాని చోటులో అది ఉంది. బయటికి తీసి వెలుతురులో చూసింది. మూత ఎప్పటిలాగే సగం తిప్పి ఉంది. ఈస్టు ఊపిరి తీస్తూ ఉంటుంది. మూత గట్టిగా బిగిస్తే లోపల గాలి చేరి గాజు పగులుతుంది.

రసం మట్టం వేలెడు తగ్గి ఉంది. ఇలా తగ్గడం ఆమె ఇంతకు ముందూ చూసింది. తనే తక్కువ పోశానేమో అనుకుని ఊరుకునేది.

"తీశావు కదా, ఇలా ఇయ్యి," అంది అత్తగారు. "ఇంకో ముద్ద కలపాలి. చెంచాడు చాలు."

పెద్దకోడలు సీసా పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇందులోది మీరు వాడతారా?"

"వాడక? నువ్వు బ్రెడ్డు కోసమే పులియబెట్టి పెట్టావనుకున్నాను. ఎంత బాగా పొంగుతోందో! ఎండాకాలం నుంచి నువ్వు తినేది దాంతో చేసిందే. లవంగం వేశారా అత్తయ్యా అని నువ్వే అడిగావు ఒకసారి. వంటింట్లో లవంగాలే లేవు, ముక్కుకి పని ఎక్కువైంది నీకు అన్నాను. గుర్తులేదూ?"

గుర్తొచ్చింది. పెద్దకోడలు ఎదుటి కుర్చీలో కూలబడింది. నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పొద్దుట్నుంచి ఇల్లంతా దొంగని వెతుకుతోంది. దొంగ వంటింట్లో పిండి పిసుకుతోంది.

"పిచ్చి పట్టిందా ఏమే?"

"లేదత్తయ్యా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇందులోంచి ఎవరికైనా పెట్టారా? పక్కింటావిడకి?"

"ఆవిడకా! నా స్టీలు గిన్నె తీసుకెళ్ళి ఆరు నెలలైంది, ముఖం చూపించలేదు. ఆవిడకి నేనేం పెడతాను?"

"ఇంకెవరికీ ఇవ్వలేదా?"

"ఎవరికీ ఇవ్వలేదు." అత్తగారు పిండి ముద్దని బోర్లించి మడిచింది. "మీ ఆయన అడిగితే ఇచ్చాను, అంతే."

పెద్దకోడలి నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. దాన్ని తీసెయ్యాలని ఆమెకు తోచలేదు.

"ఆయనా?"

"ఆ. ఎవరో స్నేహితుడి భార్య బ్రెడ్డు నేర్చుకుంటోందట. చిన్న సీసా వాడే తెచ్చాడు. కడిగిందే కదరా అంటే వినడే! మళ్ళీ నీళ్ళలో పెట్టి మరిగించాల్సిందే అని కూర్చున్నాడు. రెండు చెంచాలు వేశాను. మూత బిగిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. బిగించకమ్మా, సగం తిప్పి వదిలెయ్, లేకపోతే పగులుతుంది అన్నాడు. బ్రెడ్డు సంగతులు వాడికెలా తెలుసో మరి."

"ఎప్పుడది?"

"వానలప్పుడు. రెండు నెలలు దాటింది."

కింద రుచి చూసే గది తలుపు మూసుకున్న చప్పుడైంది. తర్వాత మెట్ల మీద అడుగులు. పెద్దవాడివే. అతను ఎప్పుడూ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఇప్పుడూ ఆగాడు.

పెద్దకోడలు లేచి సీసాని వెనక అరలో పెట్టింది. మూత ముట్టుకోలేదు. ఫ్రిజ్ తలుపు వేసి అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"అత్తయ్యా, ఈ మాట ఇంకెవరితోనూ అనకండి."

అత్తగారు పిండి చేతులు దులుపుకుంది.

"వాడూ అదే అన్నాడు," అంది.